సెల్‌ఫోను ద్వారా సరుకు అమ్మకము – రైతులు గమనింపవలసిన సంగతులు



దొనకొండ గుంటూరు–గుంతకల్లు రైలు మార్గముపై నున్న ఊరు. ఒకప్పుడు గుంటూరు మిర్చి ధర రైలు దిగి వచ్చినవారి నోటనో, ఊరికి వచ్చిన వ్యాపారి నోటనో, రేడియోలోనో వినవలసి యుండెడిది. నేడు ఆ ధర కల్లములో నున్న రైతు చేతి ఫోనుకే వచ్చుచున్నది. అయితే నిజముతోపాటు అబద్ధమును అదే ఫోనులో, అదే వేగముతో వచ్చుచున్నది.

మార్కాపురం, గిద్దలూరు, దొనకొండ ప్రాంతములలో సేద్యము చాలవరకు వానపై ఆధారపడినది. దిగుబడి తక్కువగా వచ్చు నేలలో క్వింటాలుకు వంద రూపాయలు తగ్గినను ఆ సంవత్సరపు అప్పు తీరదు. కావున పంట పండించుటలో చూపు శ్రద్ధను అమ్ముటలోను చూపవలెను. వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్‌లను ఇందుకు ఎట్లు వాడుకొనవలెనో తెలిసికొందము.

1. ముందుగా వినుట

సరుకు ఉన్నదని చెప్పుటకు ముందు కనీసము పదిహేను దినములు ఊరక వినవలెను. మీరున్న గ్రూపులలో కొనువారు ఏమి అడుగుచున్నారు? తేజ రకమా, 334 రకమా? కందులు కావలెనా, ఆడించిన పప్పు కావలెనా? ఎంత తేమ వరకు ఒప్పుకొందురు? ఏ విషయమై తిట్టుకొనుచున్నారు? ఈ సంగతులను ఒక నోటు పుస్తకములో తేది, మార్కెట్టు, రకము, ధర, చెప్పినవారు అను అయిదు గడులు గీసి వ్రాసికొనుడు. పది దినములు వ్రాసినచో ఎవరి మాట నిలుచునో, ఎవరిది నిలువదో మీకే తెలియును.

2. ధరను చదువుట

ఫోనులో తిరుగు ధర చాలసార్లు ఆనాటి గరిష్ఠ ధర. అది ఒకటి రెండు మేలైన లాట్లకు మాత్రమే పలికియుండవచ్చును. కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్‌లోను, 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ–నామ్‌లోను కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు మూడును చూపబడును. ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైనదో అదియే మోడల్ ధర. రైతు నమ్మవలసినది దానినే.

ఒక ఉదాహరణ చూడుడు. మీవద్ద 10 క్వింటాళ్ల కందులున్నవనుకొందము. కల్లము వద్ద వ్యాపారి క్వింటాలుకు రు. 6,500 ఇచ్చెదనన్నాడు. యార్డులో గరిష్ఠ ధర రు. 7,300 అని వాట్సాప్‌లో వచ్చినది. క్వింటాలుకు రు. 800 లాభమని తోచును. కాని మోడల్ ధర రు. 6,900 మాత్రమే అయినచో తేడా రు. 400. అందులో బాడుగ, హమాలీ, కాటా, తరుగు కలిపి రు. 250 పోగా మిగులునది రు. 150. పది క్వింటాళ్లకు రు. 1,500. మీ ఒక దినపు కూలి రు. 500 తీసివేసిన రు. 1,000. ఇదియు లాభమే, కాని ఆశపడిన రు. 8,000 కాదు. బండి కట్టుటకు ముందే ఈ లెక్క వేసికొనవలెను.

మద్దతు ధరను కూడ గుర్తుంచుకొనుడు. 2025–26 మార్కెటింగు సంవత్సరమునకు కందుల మద్దతు ధర క్వింటాలుకు రు. 8,000గా నిర్ణయింపబడినది. కొనుగోలు కేంద్రములు తెరచిరా లేదా అని రైతు సేవా కేంద్రములో విచారింపక తొందరపడి అమ్మరాదు.

3. పుకారును పట్టుట

“రేపటినుండి యార్డు మూత”, “ఎగుమతులు నిలిచినవి” వంటి మాటలు వచ్చిన పూట భయపడి తక్కువకు అమ్ముకొని నష్టపడుటకు ఎడమున్నది. వాట్సాప్‌లో వార్తపై రెండు బాణముల గుర్తున్నచో అది చాలమంది చేతులు మారి వచ్చినదని యర్థము, నిజమని కాదు. యూట్యూబ్ వీడియో అయినచో అది ఏ తేదిదో, ఏ ఏటిదో చూడవలెను. సందేహమున్నచో మార్కెట్ కమిటీ కార్యాలయమును గాని, కిసాన్ కాల్ సెంటరు 1800–180–1551ను గాని అడుగుడు. మీరు తెలిసికొననిదానిని మరియొకరికి పంపకుడు.

4. సరుకును చూపుట

ఫొటో పగటి వెలుతురులో, కుప్ప నడుమనుండి తీసిన సరుకుతో తీయవలెను. పైన మేలైన కాయలు పరచి తీసిన ఫొటో ఒక్కసారి అమ్మించును. రెండవసారి ఆ కొనుగోలుదారుడు రాడు. తాలు కాయలున్నచో వేరు చేసి, వేరుగా చూపి, వేరు ధర చెప్పుడు. రకము, తూకము, ఎండబెట్టిన దినములు, ఊరు, ధర కల్లము వద్దనా లేక చేర్చియా అను సంగతులు నాలుగు పంక్తులలో వ్రాయుడు. సరుకు అమ్ముడైన వెంటనే ఆ ప్రకటనను తీసివేయుడు.

2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితము. సరుకుల పట్టికను ఉంచుటకు, ఎవరు అడిగిరి, ఎవరు డబ్బు చెల్లించిరి అని గుర్తులు పెట్టుకొనుటకు అది ఉపయోగించును. మహిళా సంఘములుగాని, రైతు ఉత్పత్తిదారుల సంఘములుగాని పప్పు ఆడించి ప్యాకెట్లు కట్టి అమ్మదలచినచో ఆహార భద్రతా శాఖవద్ద నమోదు పొంది, నికర తూకము, ప్యాకింగు తేది, ధర ప్యాకెట్టుపై ముద్రింపవలెను.

5. జవాబు చెప్పుట

సంఘములో ఒక్కరికే ఈ పని అప్పగింపుడు. అడిగినవారికి ఆనాడే జవాబు పోవలెను. “పప్పులో రాళ్లున్నవి” అని ఎవరైన నలుగురిలో వ్రాసినచో కోపగించి ఆ మాటను తుడిచివేయరాదు. నలుగురికి కనబడునట్లే “చూచెదము” అని చెప్పి, ఆ దినమున ఆడించిన సరుకును పరీక్షించి, తప్పు మనదైనచో మార్చి యిచ్చి, ఆ సంగతి కూడ అక్కడనే వ్రాయవలెను. చూచుచున్న మిగిలినవారికి నమ్మకము కలుగుట దీనివలననే.

6. మోసముల నుండి జాగ్రత్త

డబ్బు పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ అవసరము లేదు. “అడ్వాన్సు పంపితిమి, పిన్ కొట్టుడు” అనువాడు మోసగాడే. డబ్బు చేరినదని వాడు పంపిన ఫొటోను నమ్మక, మీ బ్యాంకు ఖాతాలో చూచిన పిదపనే బస్తా ఎత్తింపుడు. మోసపోయినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయుడు. ఎంత త్వరగా తెలిపిన, డబ్బును నిలుపుటకు అంత వీలుండును.

7. నెలాఖరున లెక్క చూచుట

ఫొటోను ఎందరు మెచ్చిరను లెక్క మనకు కూడు పెట్టదు. ఎందరు అడిగిరి? ఎందరు కొనిరి? ఎందరు మరల వచ్చిరి? ఖర్చులు పోగా క్వింటాలుకు ఏమి మిగిలినది? ఈ నాలుగు ప్రశ్నలకు మీ నోటు పుస్తకమే జవాబు చెప్పవలెను. మిగులు లేనిచో, ఊరిలోని వ్యాపారికి అమ్ముటయే మేలు కావచ్చును. అందులో చిన్నతనము లేదు.

ఈ పంటకాలములోనే అయిదారుగురు కలిసి, ఇంటిలో చదువుకొన్న పిల్లల సాయముతో, ఒకే సరుకుతో ఈ పనిని ప్రారంభింపుడు. కాటా యెట్లో మాట అట్లే. రెండును సరిగా నున్న రైతును కొనువాడు వెదకికొని వచ్చును.