నాగా లేని గోలీ

క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా నెమ్మదిగా నడిచే రక్త క్యాన్సర్. డాక్టర్లు పొట్టిగా సీఎంఎల్ అంటారు. ఎముక మూలుగలో తెల్ల రక్తకణాలు అదుపు లేకుండా పుట్టుకొస్తాయి. చాలామందికి మొదట్లో ఏ బాధా ఉండదు. వేరే దేనికో చేయించిన రక్తపరీక్షలో తెల్లకణాల లెక్క విపరీతంగా కనిపించి సంగతి బయటపడుతుంది. మరికొందరు ఎడమ డొక్క బరువెక్కిందని, రెండు ముద్దలకే కడుపు నిండుతోందని, ఒళ్లు తగ్గుతోందని దవాఖానకు వస్తారు. ఆ బరువు వాచిన ప్లీహానిది. ఊళ్లలో కడుపులో బల్ల అంటారు. పడమటి దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా అరవై దాటినవారిలో కనిపిస్తే, మన దేశంలో ముప్పై, నలభై ఏళ్లకే ఎదురవుతోంది. అంటే సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు నడిపే వయసులో, కోరుట్లలో బీడీలు చుట్టి పిల్లల్ని చదివించే వయసులో, జగిత్యాల నుంచి గల్ఫ్ విమానం ఎక్కే వయసులో. ఆ వయసులో వచ్చిన జబ్బుతో దశాబ్దాల పాటు కాపురం చేయాలి. చేయవచ్చు కూడా. దానికి కావలసింది గొప్ప ధైర్యం కాదు, రోజువారీ నియమం.

జబ్బు మూలం 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బయటపడింది. పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రోగుల కణాల్లో మామూలుకన్నా పొట్టిగా ఉన్న క్రోమోజోమును చూశారు. 1973లో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త అసలు కథ విప్పారు: 9వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క ఒకదాని చోట ఒకటి అతుక్కుంటున్నాయి. ఆ అతుకులో పుట్టిన బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యువు ఒక ప్రొటీన్‌ను తయారు చేస్తుంది. దారం తెగినా ఆగని సాంచలా ఆ ప్రొటీన్ కణాన్ని పెరగమని తోస్తూనే ఉంటుంది. ఈ మార్పు మనిషి పుట్టాక, మూలుగలోని ఒక కణంలో జరిగేది. తల్లిదండ్రుల నుంచి రాదు, పిల్లలకు పోదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. రోగికి కంచం వేరు పెట్టే ఇంటివారు, ఆ ఇంటి పిల్లకు సంబంధం తప్పించే చుట్టాలు చేస్తున్నది అన్యాయం. అందులో జాగ్రత్త ఏమీ లేదు.

ఇమాటినిబ్ అనే మందు రాకముందు ఈ జబ్బు కొన్నేళ్లలో ముదిరి ప్రాణం తీసేది. పూర్తిగా నయం కావాలంటే మూలుగ మార్పిడి ఒక్కటే ఆశ, అదీ కొందరికే. బ్రయన్ డ్రుకర్ అనే డాక్టరు 1998లో ఇమాటినిబ్‌ను రోగులకు ఇచ్చి చూడడం మొదలుపెట్టారు. 2001లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. ఆ మందుతో చికిత్స మొదలుపెట్టినవారిని ఏళ్ల తరబడి గమనించిన పెద్ద అధ్యయనంలో పదేళ్ల తర్వాత సుమారు 83 శాతం మంది బతికే ఉన్నారు. క్యాన్సర్ మందుల చరిత్రలో ఇంతటి మలుపులు అరుదు.

ఆ మందు పేదవాడి చేతికి రావడంలో హైదరాబాద్‌కు పాత్ర ఉంది. నోవార్టిస్ కంపెనీ గ్లీవెక్ పేరుతో అమ్మిన మందుకు నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దాకా అయ్యేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా వీనాట్ పేరుతోనూ, మరికొన్ని భారతీయ కంపెనీలు తమ పేర్లతోనూ అదే మందును నెలకు పది వేల లోపు ధరకు తెచ్చాయి. ఈ మందు పేటెంటు వివాదం సుప్రీంకోర్టు దాకా నడిచింది. 2013 ఏప్రిల్ 1న కోర్టు నోవార్టిస్ అప్పీలును తోసిపుచ్చింది. ఈ గోలీ చవకగా దొరకడం వెనుక రోగుల సంఘాలు, లాయర్లు, మందుల తయారీదారులు ఏళ్ల తరబడి చేసిన పోరు ఉంది. అలాంటి గోలీని అల్మారాలో మరిచిపోవడం క్షమించదగిన సంగతి కాదు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మందు మొదలైన కొన్ని వారాలకే తెల్లకణాల లెక్క దిగుతుంది, బల్ల కరుగుతుంది, ఆకలి పుడుతుంది. మనిషి బాగైపోయానని అనుకుంటాడు. గోలీ వేసుకుంటే కళ్ల చుట్టూ వాపు, పిక్కలు పట్టేయడం, వికారం. మానేస్తే ఒళ్లు తేలిక. మొదట ఒక రోజు నాగా, తర్వాత పెళ్లికి పోయినప్పుడు రెండు రోజులు, ఆపైన చేతిలో డబ్బు ఆడనప్పుడు వారం. బెల్జియంలో జరిగిన ఒక అధ్యయనంలో చెప్పిన గోలీలన్నీ చెప్పినట్టే వేసుకున్నవారు ఏడుగురిలో ఒక్కరే. లండన్‌లో మందు సీసా మూతలోనే లెక్కపెట్టే పరికరం అమర్చి చూశారు. నూటికి తొంభైకి పైగా గోలీలు వేసుకున్నవారిలో దాదాపు అందరికీ జబ్బు బాగా లోతుకు అణిగింది. అంతకు తగ్గినవారిలో మూడోవంతు మందికి కూడా అణగలేదు. తొంభై శాతమంటే నెలకు మూడు రోజుల నాగా. ఆ మూడు రోజులే కదా అనుకున్నవాడు మూడు రోజులతో ఆగడు.

అందుకే గోలీని గడియారానికి కాక బువ్వకు ముడివేయాలి. ఇమాటినిబ్‌ను తిండితోపాటు, పెద్ద గ్లాసెడు నీళ్లతో వేసుకోవాలి గనుక ఈ ముడి మందుకూ సరిపోతుంది. సాంచాల మీద పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు మారే మనిషికి ఏ గంటా నిలకడగా ఉండదు. కడుపునిండా తినే పూట మాత్రం ఒకటి ఉంటుంది. ఆ పూటే గోలీ పూట. గోలీల పెట్టె మందుల డబ్బాలో దాక్కోకూడదు, పిల్లలకు అందని ఎత్తులో, కంచాలున్న చోట కనబడుతూ ఉండాలి. మింగగానే నడుం వాల్చకుండా కాసేపు కూర్చోవాలి.

రెండో ముడి లెక్క. బీడీ కార్మికురాలు ఇచ్చిన ఆకుకు, చుట్టిన బీడీలకు పుస్తకంలో లెక్క రాయించుకుంటుంది. తన కూలి పోకూడదని ఎంత పట్టుదలో, తన ప్రాణం లెక్కలోనూ అంత పట్టుదల ఉండాలి. గోడ క్యాలెండరులో తేదీ మీద గీత పెడితే చాలు. గీత మింగిన తర్వాతే పెట్టాలి, ముందు కాదు. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు కలిపి మింగకూడదు. ఖాళీ గడిని దాచకుండా డాక్టరుకు చూపాలి, ఎందుకు తప్పిందో చెప్పాలి. పది గోలీలు మిగిలాయంటే మరుసటి నెల మందు తెచ్చుకునే రోజు వచ్చినట్టే. ఇంట్లో ఒకరు రోజూ "గోలీ ఏసుకున్నవా?" అని అడగాలి. అడిగినందుకు విసుక్కునే రోగికి ఒక మాట: ఆ ప్రశ్న మందులో సగం. ఇదంతా పట్టించుకోనక్కర లేనంత చిన్న పని అనిపిస్తుంది. చిన్నది గనుకనే ఏళ్ల తరబడి చేయగలరు. మొదటి నెల బరువుగా ఉన్నా, తర్వాత చేయి దానంతటదే గోలీ దగ్గరికి పోతుంది.

వేములవాడ చుట్టుపక్కల సోమవారం ఒక్కపొద్దు చాలా ఇళ్లలో ఉంటుంది. ఆ ఒక్క పూట భోజనంతో గోలీ పోతుంది, వ్రతానికి లోటు లేదు. రంజాన్‌లో రోజుకొక గోలీ ఇఫ్తార్ భోజనంతో కుదురుతుంది. శివరాత్రి నాడు ఏమీ తినని కటిక ఉపవాసం ఉండేవారు మాత్రం ముందే డాక్టరును అడగాలి. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించడం ఎవరి భక్తి వారిది. కోడె కట్టాం గనుక గోలీ అక్కర్లేదనుకోవడమే ప్రమాదం. పసరు మందులు మరీ ప్రమాదం, కొన్ని మందు పనిని దెబ్బతీస్తాయి. అందరికీ ఒకే మందు ఉండదు కూడా: నిలోటినిబ్ ఇచ్చినవారు దాన్ని ఖాళీ కడుపుతో, రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. దసాటినిబ్ వాడేవారు అడగకుండా గ్యాస్ గోలీ వేసుకోకూడదు.

ఇక పరీక్షలు. ఒళ్లు చెప్పే మాటను నమ్మకూడదు, పీసీఆర్ అనే రక్తపరీక్ష చెప్పే మాటను నమ్మాలి. మూడు నెలలకోసారి రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత ఉందో చూస్తారు. మూడు నెలలకు 10 శాతం, ఏడాదికి 0.1 శాతం దాకా దిగాలన్నది డాక్టర్ల లెక్క. దిగకపోతే గోలీ సరిగా పడలేదో, జన్యువు మళ్లీ మారి మందుకు లొంగడం మానేసిందో తేల్చి మందు మారుస్తారు. హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్, రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన ఇందుకు పేరున్నవి. వేములవాడ నుంచి సుమారు 150 కిలోమీటర్లు. ఆ రోజు కూలి పోతుందని పరీక్ష వాయిదా వేయడం అన్నిటికన్నా ఖరీదైన పొదుపు. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు మందు, పరీక్షల ఖర్చు అందులో వస్తుందో లేదో దవాఖానలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

మిగతావి అందరికీ తెలిసినవే. చేతనైనంత నడక, సరిపడా నిద్ర. పొగాకు, సారా మానాలి. బీపీ, షుగరు చూపించుకోవాలి. కొందరికి చర్మం రంగు తేలిపోతుంది, అది మందు వల్లే. జ్వరం, కామెర్లు, ఆయాసం వస్తే ఆలస్యం చేయకూడదు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి, ఎందుకంటే ఇమాటినిబ్ కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. గల్ఫ్‌కు పోయేవారు డాక్టరు చీటీ, మందుల అసలు పెట్టెలు, సరిపడా నిల్వ లేకుండా కదలకూడదు.

చివరికి అందరూ అడిగేది, మందు ఎప్పటికైనా ఆపవచ్చా అని. ఫ్రాన్స్‌లో కనీసం రెండేళ్లు జబ్బు జాడే కనబడని వంద మందిలో మందు ఆపి చూశారు. సుమారు నలభై శాతం మంది మందు లేకుండానే నిలిచారు. మిగిలినవారిలో ఎక్కువమందికి ఆరు నెలల్లోపే తిరగబెట్టింది, మళ్లీ మొదలుపెట్టగానే దాదాపు అందరికీ అదుపులోకి వచ్చింది. కాబట్టి దారి ఉంది. ఏళ్ల తరబడి నాగా లేకుండా వేసుకుని, పీసీఆర్‌లో జాడ కనబడకుండా పోయినవారికి, తరచుగా పరీక్షలు చేయించుకోగలిగినవారికి ఆ దారి తెరుచుకుంటుంది. దాన్ని తెరవాల్సింది డాక్టరు, రోగి సొంత నిర్ణయం కాదు.