వాగుపై దాటుదారి: అనుమతికి ముందు పంచాయతీ ఆలోచింపవలసినవి

మామిడితోటలకు పేరుగన్న నూజివీడు ప్రాంతములోనిది చాట్రాయి మండలము. 2022 ఏప్రిల్‌లో ఈ మండలము కృష్ణా జిల్లానుండి నూతన ఏలూరు జిల్లాలో చేరినది. ఇచ్చటి మెరకభూములపై కురిసిన వాన చిన్నచిన్న వాగులుగా సాగి, కొంత చెరువులను నింపును. కొంత తమ్మిలేరులో కలిసి, తుదకు కొల్లేరు చేరును. ఆ వాగులు పూడిపోయి, సర్కారు తుమ్మతో నిండినచో నష్టపోవునది ఒక రైతు కాదు, వాగు పొడవునను గల రైతులందరును. కనుకనే పలు గ్రామములు పూడిక తీయించి, గట్లు సరిచేసి, వాగులను బాగుచేసికొనుచున్నవి.

అట్టి పని సాగుచుండగా పంచాయతీకి ఒక అర్జీ వచ్చినదనుకొందము. “అయ్యా, నా తోట వాగు ఆవలనున్నది. కాయ కోతకు రాగానే ట్రాక్టరు దాటవలెను. తూరలు వేసి దారి పోసికొనుటకు అనుమతి ఇప్పింపుడు” అని రైతు కోరినాడు. దారి క్రింద సిమెంటు తూరలు వేసి నీటిని పోనిచ్చు కట్టడమే కల్వర్టు. దీనికి సభ్యులు ఏమని బదులు చెప్పవలెను?

కాదనుట సులభము. కాని దారి లేనంత మాత్రమున ట్రాక్టరు ఆగదు. ఒకడు ఇచ్చట, మరొకడు అచ్చట గట్టు తెగగొట్టి దాటుదురు. కొత్తగా పోసిన గట్టు పదిచోట్ల విరుగును. ఆ మట్టి మరల వాగులోనే పడును. ఔననుటయు సులభమే. కాని కొలత చూడక ఇచ్చిన అనుమతి వాగునకు అడ్డుకట్ట యగును. కావున తగిన చోట, తగిన కొలతతో, పదిమందికి పనికివచ్చు ఒక్క దాటుదారిని వాగు బాగుచేయు పనిలో భాగముగానే చేర్చుట మేలని మా అభిప్రాయము.

అధికారము ఎవరిది?

భారత రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. మూడవది చిన్నతరహా నీటిపారుదల, నీటి యాజమాన్యము; పదమూడవది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు మున్నగునవి. అనగా నీటి బాగును, దారి బాగును ఒకే సభ ఆలోచింపదగినవి. అయినను పంచాయతీ తీర్మానము ఒక్కటియే చాలదు. 1905 నాటి భూ ఆక్రమణ చట్టము ప్రకారము వాగుల గర్భము సాధారణముగా ప్రభుత్వపు ఆస్తి. కనుక తహశీల్దారు సమ్మతియు, జలవనరుల శాఖ ఇంజనీరు పరిశీలనయు పొందిన పిదపనే పని మొదలుపెట్టవలెను. సర్వేయరుచే వాగు హద్దులు ముందే కొలిపించిన తగవులు తగ్గును.

ఒక చిన్న లెక్క

దాటుదారికి ఎగువన 100 హెక్టార్ల భూమినుండి నీరు వచ్చుననుకొందము. ఒక గంటలో 25 మిల్లీమీటర్ల వాన పడినచో ఆ నేలపై 25,000 ఘనపు మీటర్ల నీరు కురిసినట్లు. అందు సగము ఇంకిపోయినను, సెకనుకు సుమారు మూడున్నర ఘనపు మీటర్లు పారును. నీరు సెకనుకు 2 మీటర్ల వేగముతో పోవునని లెక్కించినచో, 600 మిల్లీమీటర్ల వ్యాసముగల తూరలు ఏడు కావలెను; 1,000 మిల్లీమీటర్లవి మూడు చాలును. వ్యాసము సగమైన నీటిదారి పావు వంతగును. “చవుకగా దొరికినది, ఒక్క చిన్న తూర చాలు” అనుటలోని ప్రమాదము ఇదియే. ఇది అవగాహనకు చెప్పిన లెక్క మాత్రమే. అసలు కొలతలను ఇంజనీరు నిర్ణయింపవలెను.

తూర చాలనపుడు నీరు ఎగువ తోటలో నిలుచును. దినముల తరబడి నీట నున్న మామిడి వేళ్లకు గాలి అందక చెట్టు క్రుంగును. తూరను వాగు అడుగుకంటె ఎత్తుగా పెట్టినచో ఎగువన పూడిక చేరును, దిగువన నీరు దుమికి గోయి చేయును, చేపలు ఎదురెక్కలేవు. అందుచే తూరను వాగు వాలునకు సరిగా, అడుగునకు కొంచెము లోతుగా అమర్చవలెను. ఇరుప్రక్కల రాతికట్టు, దిగువన రాతిపరుపు ఉండవలెను. తూరపై రెండడుగుల మట్టియైనను లేనిదే బండి బరువునకు అది పగులును. వాగు వెడల్పుగా, లోతు లేక యుండినచో కల్వర్టుకంటె చప్టాయే మేలు కావచ్చును. కాని చప్టాపై నీరు పారునపుడు ఎవరును దాటరాదు.

2024 సెప్టెంబరు తొలిదినములలో బుడమేరునకు గండ్లు పడి విజయవాడలోని పలు పేటలు మునిగినవి. మన ఊరి వాగు చిన్నదే. కాని నీటి ధర్మము ఎక్కడైనను ఒక్కటే. దారి చాలనపుడు అది వేరొక దారి వెదకికొనును.

తీర్మానములో వ్రాయవలసినవి

1. దాటుదారి స్థలము, సర్వే నంబరు, దానిని వాడుకొను రైతుల సంఖ్య.

2. ఎగువ, దిగువ రైతులను గ్రామసభకు పిలిచి విన్న అభ్యంతరములు, వాటికి సమాధానములు.

3. తూరల కొలత, సంఖ్య; ఇంజనీరు ఆమోదము.

4. పని గడువు. జనవరినుండి మార్చి వరకు అనుకూల కాలము. అప్పటికి వానలు వెనుకబడును, కాయల రవాణా ఇంకను మొదలుకాదు.

5. ఏటేట తొలకరికి ముందు తూరలలోని కంపను, పూడికను తీయు బాధ్యత ఎవరిదో.

6. ఈ దారి ఎవరికిని సొంతము కాదనియు, గేటు పెట్టరాదనియు, నీటికి అడ్డమైనచో తొలగింపబడుననియు షరతు.

ఇందు అయిదవదానిని తేలికగా చూడరాదు. కట్టిననాడు అందరును వత్తురు. కంప తీయునాడు ఒక్కడును రాడు. పేరు వ్రాసి, తేదీ వ్రాసి, ఆ తేదీనాడు సభ్యులు స్వయముగా వెళ్లి చూచినపుడే ఆ తీర్మానమునకు విలువ కలుగును. అర్జీ పెట్టిన రైతు కాయ సకాలమున అంగడి చేరవలెను. అతని ఎగువ పొరుగువాని తోట మునుగరాదు. దిగువ చెరువునకు నీరు తగ్గరాదు. ఈ మూడింటిని ఒక్కసారి చూడగల స్థానము పంచాయతీదే. సభ్యులు అనుమతిపై సంతకము చేయుటకు ముందు ఒకమారు వాగు వెంబడి నడిచి చూడవలెనని మా మనవి.