వైరస్ మన కణంలో ఎట్లా అతుక్కుంటది?

ఈసారి గోడ పత్రికకు సైన్సు పాఠం రాయమని మేడం నాకు చెప్పారు. కణ విభజన పాఠం అయిపోయింది కదా, దానికి సంబంధించిన సంగతే రాస్తున్నాను.

మా పెద్దమ్మ రెండేళ్ళ క్రితం గర్భాశయ ముఖద్వార కాన్సర్‌తో చనిపోయింది. ఆ జబ్బు ఎందుకు వచ్చిందో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. కొందరు గాలి సోకిందన్నారు. కొందరు ఆమె ఏదో తప్పు చేసిందన్నారు. ఆ మాట నాకు ఇంకా గుర్తుంది. అందుకే ఇది అడిగి తెలుసుకుని రాస్తున్నాను.

ఈ కాన్సర్ దాదాపు అందరికీ పాపిలోమా వైరస్ వల్లే వస్తుంది. కాన్సర్ గడ్డల్లో 16వ రకం వైరస్ ఉందని జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజెన్ 1983లో చూపించారు. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 200కు పైగా రకాలున్నా 16, 18 రకాల వల్లే నూటికి 70 కాన్సర్లు వస్తాయి. ఇది ముఖ్యంగా ఆడ మగ కలయిక ద్వారా వస్తుంది. చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకసారి సోకుతది. కాబట్టి ఇది ఎవరి తప్పూ కాదు.

ఇప్పుడు పాఠం.

వైరస్ డి.ఎన్.ఎ. చిన్న గాజులాగా గుండ్రంగా ఉంటుంది. దానిలో సుమారు 8,000 అక్షరాలుంటాయి. మన డి.ఎన్.ఎ. ఒక్కో సెట్టులో సుమారు 300 కోట్లుంటాయి. చర్మంలో చిన్న గీత పడితే అక్కడినుంచి వైరస్ అడుగు పొరలోని కణానికి చేరుతుంది. ఆ గాజు కేంద్రకంలోకి పోయి కూర్చుంటుంది.

అయితే దానికి ఒక కష్టం ఉంది. అడుగు పొర కణాలు ఎప్పుడూ విభజన చెందుతుంటాయి. విభజన సమయంలో కేంద్రక త్వచం కరిగిపోతుంది. మన 46 క్రోమోజోములు రెట్టింపై, దారాలు లాగితే చెరో వైపుకు పోతాయి. మళ్ళీ వాటి చుట్టూ కొత్త త్వచం వస్తుంది. వైరస్ గాజును లాగే దారం లేదు. విడిగా ఉంటే అది త్వచం బయట కణద్రవ్యంలో మిగిలిపోయి నాశనమవుతుంది. మరి ఎట్లా బతుకుతది?

వానాకాలంలో మా అమ్మ వాగు దాటేటప్పుడు తమ్ముణ్ణి గుడ్డతో వీపుకు కట్టుకుంటుంది. గుడ్డ ఒక పక్క బిడ్డను పట్టుకుంటుంది, ఇంకో పక్క అమ్మను పట్టుకుంటుంది. కట్టకపోతే బిడ్డ గట్టు మీదే ఉండిపోతాడు. వైరస్ కూడా అట్లాంటి గుడ్డ తయారుచేసుకుంటుంది. అదే ఇ2 అనే ప్రోటీను. దాని ఒక కొస వైరస్ డి.ఎన్.ఎ.లో కొన్ని గుర్తుల దగ్గర పట్టుకుంటుంది. ఇంకో కొస మన క్రోమోజోముకు అంటుకుని ఉన్న మన ప్రోటీనును పట్టుకుంటుంది. క్రోమోజోము ఎటు పోతే వైరస్ అటే పోతుంది. రెండు పిల్ల కణాల్లోకీ చేరుతుంది. తేడా ఒక్కటే, మోసే కణానికి ఆ బిడ్డ తనది కాదని తెలియదు.

దీన్ని ముందు పశువుల్లో పులిపిర్లు తెచ్చే పాపిలోమా వైరస్‌లో స్పష్టంగా చూశారు. మన ఎడ్లకు వస్తాయి కదా, అవే. ఇ2 పట్టుకునే మన ప్రోటీను పేరు బి.ఆర్.డి.4 అని 2004లో తెలిసింది. మనుషులకు సోకే రకాలు కొన్ని వేరే ప్రోటీన్లను కూడా పట్టుకుంటాయి.

చాలామందిలో ఒకటి రెండేళ్ళలో శరీరమే వైరస్‌ను అణిచేస్తుంది. కొందరిలో మాత్రం అది ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అప్పుడు ఒక్కోసారి గాజు తెగి మన డి.ఎన్.ఎ.లోనే కలిసిపోతుంది. తెగేది చాలాసార్లు ఇ2 ఉన్న చోటే. ఇ2 కట్టే గుడ్డ మాత్రమే కాదు, ఇ6, ఇ7 అనే రెండు చెడ్డ ప్రోటీన్లకు కళ్ళెం కూడా. కళ్ళెం పోయాక ఆ రెండూ కణంలో కాపలా కాసే ప్రోటీన్లను పని చేయనియ్యవు. కణం ఆగకుండా విభజన చెందుతుంది. ఇట్లా కాన్సర్ కావడానికి మామూలుగా 15, 20 ఏళ్ళు పడుతుంది. అంటే పెద్దమ్మకు ఆ వైరస్ నేను పుట్టకముందే సోకి ఉండవచ్చు. అన్నేళ్ళలో ఒక్క పరీక్ష జరిగినా తెలిసేదేమో.

దీనికి టీకా ఉంది. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు వేస్తే బాగా పనిచేస్తుంది. టీకాలో వైరస్ డి.ఎన్.ఎ. ఉండదు, ఖాళీ పెంకు మాత్రమే ఉంటుంది. కాబట్టి టీకా వల్ల ఆ జబ్బు రాదు. కానీ ముందే సోకిన వైరస్‌ను టీకా తీసెయ్యలేదు. అందుకే 30 ఏళ్ళు దాటిన అమ్మలకు పరీక్ష కావాలి.

ఇంకొక మాట. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో మనలాంటి పిల్లలకు ఈ టీకా వేశారు. కొందరు బాలికలు చనిపోయారని తెలిసి 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ చాలా కాగితాల మీద అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారని తేలింది. టీకా మంచిదే, అడగకపోవడమే తప్పు. మా అమ్మకు చదువు రాదు. మా కోయ మాటల్లో కేంద్రకానికి పేరు కూడా నాకు దొరకలేదు. అయినా గుడ్డ, బిడ్డ, వాగు అని చెప్తే అమ్మకు ఒక్కసారికే అర్థమైంది. "మరి మీ పెద్దమ్మ తప్పేముంది?" అని అడిగింది. ఏమీ లేదని చెప్పాను.

మీరు కూడా సెలవులకు ఇంటికి పోయినప్పుడు చెప్పండి. అమ్మ వేలిముద్ర వేసేముందు కాగితం మీరు చదివి వినిపించండి.

ప్రశ్నలు:
1. ఇ2 లేకపోతే కణ విభజన తర్వాత వైరస్ గాజు ఎక్కడ మిగిలిపోతుంది?
2. ఇ2 చేసే రెండు పనులు ఏవి?
3. ఖాళీ పెంకు టీకా వల్ల జబ్బు ఎందుకు రాదు?

జవాబులు రాసి మేడంకు ఇవ్వండి.

- తొమ్మిదో తరగతి విద్యార్థిని