చెదురు బిందువుల నుండి త్రిమితీయ ఉపరితల చిత్రణ: నేల పోషక పటాల తయారీలో మెలకువలు

నేలలోని పోషకాలను పొలంలోని ప్రతి చోటా కొలవడం సాధ్యం కాదు. కొన్ని చోట్ల మట్టి నమూనాలు సేకరించి, వాటి ఫలితాల ఆధారంగా మిగిలిన ప్రాంతపు విలువలను అంచనా వేయవలసి ఉంటుంది. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య కార్డుల పథకంలో సాగునీటి భూములలో 2.5 హెక్టార్లకు, వర్షాధార భూములలో 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున సేకరించాలని నిర్దేశించారు. గట్లు, కమతాల హద్దులు, దారుల కారణంగా నమూనా బిందువులు సమాన దూరంలో ఉండవు. ఇటువంటి చెదురు బిందువుల నుండి అవిచ్ఛిన్నమైన ఉపరితలాన్ని నిర్మించడాన్ని అంతర్వేశనం అంటారు. ఇందులో నేలపై స్థానాన్ని తెలిపే రెండు నిరూపకాలతో పాటు, పోషక విలువను మూడవ అక్షంపై ఎత్తుగా చూపుతారు.

నిరూపకాల సవరణ

జి.పి.ఎస్. పరికరం స్థానాన్ని డిగ్రీలలో ఇస్తుంది. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 110.7 కిలోమీటర్లు కాగా, ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106.5 కిలోమీటర్లు మాత్రమే. డిగ్రీలనే దూరాలుగా తీసుకుంటే ఉపరితలం ఒక దిశలో సాగిపోతుంది. కనుక నిరూపకాలను ముందుగా యు.టి.ఎం. పద్ధతిలో మీటర్లలోకి మార్చాలి. తెలుగు రాష్ట్రాలలో 78 డిగ్రీల రేఖాంశానికి తూర్పున ఉన్న ప్రాంతంలో అధిక భాగం 44వ మండలంలోకి, పడమర ప్రాంతం 43వ మండలంలోకి వస్తాయి.

ప్రధాన పద్ధతులు

1. త్రిభుజీకరణ: సమీప బిందువులను కలిపి త్రిభుజాల వలను ఏర్పరుస్తారు. దీనికి ఆధారమైన నియమాన్ని రష్యన్ గణిత శాస్త్రవేత్త బోరిస్ డెలానే 1934లో ప్రతిపాదించారు. ప్రతి త్రిభుజం ఒక సమతలంగా ఉంటుంది. అంచు బిందువులకు వెలుపల ఈ పద్ధతి ఏ విలువనూ ఇవ్వదు.

2. విలోమ దూర భార పద్ధతి: 1968లో డొనాల్డ్ షెపర్డ్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో దగ్గరి బిందువుకు ఎక్కువ భారం, దూరపు బిందువుకు తక్కువ భారం ఇస్తారు. దూరం యొక్క ఘాతాన్ని విశ్లేషకుడే ఎంచుకుంటాడు.

3. క్రిగింగ్: దక్షిణాఫ్రికా బంగారు గనులలో డానీ క్రిగే 1951లో చేసిన కృషి ఆధారంగా ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ మాథెరాన్ దీనికి సిద్ధాంత రూపమిచ్చారు. దూరం పెరిగేకొద్దీ విలువల మధ్య వ్యత్యాసం ఎలా పెరుగుతుందో తెలిపే వేరియోగ్రామ్ నుండి భారాలు వస్తాయి. అంచనాతో పాటు దాని దోష పరిమాణం కూడా లభిస్తుంది. అయితే నమ్మదగిన వేరియోగ్రామ్‌కు కనీసం 100 బిందువులు కావాలని నేల గణాంకవేత్తలు వెబ్‌స్టర్, ఆలివర్ 1992లో సూచించారు.

ఎంపిక సిఫారసును మార్చే తీరు

ఒక వరి మడికి 100, 200, 200, 400 మీటర్ల దూరంలో నాలుగు నమూనాలు ఉన్నాయనీ, వాటిలో లభ్య జింకు వరుసగా 0.4, 0.8, 0.8, 1.2 పి.పి.యం. అనీ అనుకుందాం. ఘాతం 2 అయితే భారాలు 16:4:4:1 నిష్పత్తిలో ఉండి, అంచనా 0.56 పి.పి.యం. అవుతుంది. ఘాతం 1 అయితే భారాలు 4:2:2:1 నిష్పత్తిలో ఉండి, అంచనా 0.67 పి.పి.యం. అవుతుంది. కీలక స్థాయిని 0.6గా తీసుకుంటే, మొదటి పటంలో ఆ మడి జింకు లోపం గలది; రెండవ పటంలో లోపం లేనిది. మట్టి ఒక్కటే, ప్రయోగశాల ఫలితాలు ఒక్కటే. అయినా ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలా వద్దా అన్నది విశ్లేషకుడు ఎంచుకున్న ఒక అంకెపై ఆధారపడింది. ఆ ఖర్చునైనా, దిగుబడి నష్టాన్నైనా భరించవలసింది రైతే.

పాటించవలసిన జాగ్రత్తలు

- ఒక్కొక్క బిందువును పక్కన పెట్టి, మిగిలిన వాటితో దాని విలువను అంచనా వేసి, అసలు విలువతో పోల్చాలి. ఇలా అన్ని బిందువులకూ చేసి, వర్గ సగటు మూల దోషం తక్కువగా ఉన్న పద్ధతిని, ఘాతాన్ని ఎంచుకోవాలి.
- నమూనాలు లేని అంచు ప్రాంతాలకు రంగు వేయకుండా ఖాళీగా వదలాలి.
- ఎర్ర చల్కా నేల నల్లరేగడిని తాకే చోట మార్పు ఒక్కసారిగా జరుగుతుంది. అక్కడ నునుపైన ఉపరితలం వాస్తవాన్ని కప్పివేస్తుంది. రెండు నేలలకు వేర్వేరుగా అంతర్వేశనం చేయాలి.
- వాలుగా చూపిన త్రిమితీయ చిత్రంలో ఎత్తైన భాగాల వెనుక ఉన్న పల్లాలు కనబడవు. సిఫారసులకు సమరేఖల పటాన్నే వాడాలి.
- పటంపై నమూనా బిందువులను తప్పక గుర్తించి, వాడిన పద్ధతిని, దోషాన్ని పేర్కొనాలి.

ముగింపు

కంప్యూటరు ఎన్ని బిందువులు ఇచ్చినా నునుపైన ఉపరితలాన్నే గీస్తుంది. పది బిందువుల పటం, వంద బిందువుల పటం కంటికి ఒకేలా కనబడవచ్చు. బిందువుల వద్ద ఉన్నది కొలత, వాటి మధ్య ఉన్నది అంచనా. కీలక స్థాయికి అటూ ఇటూగా అంచనా వచ్చిన పొలాలలో పటాన్ని బట్టి సిఫారసు చేయకుండా, ఆ మడి నుండే మరొక మట్టి నమూనా తీయించడం విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం.