ఒక్క ముక్కతో నిండైన అంచు: వెబ్ పేజీకి డివైడర్ బార్



వెబ్ పేజీ తయారు చేయమని ప్రాజెక్టు ఇస్తే చాలామంది పిల్లలు ముందుగా చేసే పని ఇంటర్నెట్‌లో బొమ్మలు వెతకడం. ఒక భాగానికీ మరో భాగానికీ మధ్య వేసే అలంకార పట్టీని, అంటే డివైడర్ బార్‌ను కూడా ఎక్కడి నుంచో తెచ్చి అతికించేస్తారు. అది ఎవరు గీశారో, వాడుకోవడానికి అనుమతి ఉందో లేదో వారికి తెలియదు. ఇంత చిన్న పట్టీని పిల్లలు సొంతంగానే గీయగలరు. ఒక ఆదివారం పూట గంటన్నర కేటాయిస్తే చాలు.

చీర అంచులో ఉన్న సూత్రం

ఇంట్లో వెంకటగిరి చీర ఉంటే దాని అంచును పిల్లలకు చూపించండి. చీర పొడవునా సాగే ఆ అంచులో ఒక చిన్న నమూనాయే మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకటి ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. డివైడర్ బార్ కూడా అంతే. పట్టీ మొత్తం గీయనక్కర్లేదు, ఒక్క ముక్క గీస్తే చాలు. ఆ ముక్కను టైల్ అంటారు.

లెక్క వేసి చూడండి. 1200 పిక్సెళ్ల వెడల్పు, 40 పిక్సెళ్ల ఎత్తు ఉన్న పట్టీలో 48,000 పిక్సెళ్లు ఉంటాయి. 120 పిక్సెళ్ల వెడల్పున్న టైల్‌లో 4,800 మాత్రమే, అంటే పదో వంతు. పైగా పూర్తి పట్టీని 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్ తెరకు కుదిస్తే ఎత్తు 12 పిక్సెళ్లకు తగ్గిపోతుంది, బొమ్మ పోల్చుకోలేం. టైల్ అయితే కంప్యూటర్‌లో 10 సార్లు, ఫోన్‌లో 3 సార్లు వస్తుంది. సైజు మాత్రం మారదు.

ఏ బొమ్మ గీయాలి?

మన సూళ్లూరుపేట పిల్లలకు బొమ్మల కొరత లేదు. శ్రీహరికోట రోడ్డుకు రెండు వైపులా పులికాట్ నీళ్లు, చలికాలంలో ఆ నీళ్లలో నిలబడిన ఫ్లెమింగోలు, నేలపట్టు చెట్లపై గూళ్లు కట్టే గూడబాతులు వారు చూసినవే. ఈ పాఠానికి ఒక నీటి అల, దానిలో ఒక ఫ్లెమింగో సరిపోతాయి.

తయారు చేసే విధానం

ఇందుకు జింప్ అనే సాఫ్ట్‌వేర్ వాడదాం. ఇది పూర్తిగా ఉచితం. 1995లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ దీన్ని మొదలుపెట్టారని పిల్లలకు చెప్పండి.

1. ఫైల్ మెనూలో ‘న్యూ’ నొక్కి వెడల్పు 120, ఎత్తు 40 ఇవ్వాలి. ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లో ‘ఫిల్ విత్’ దగ్గర ‘ట్రాన్స్‌పరెన్సీ’ ఎంచుకోవాలి. అప్పుడు బొమ్మ వెనుక తెల్ల డబ్బా రాదు.

2. మధ్యలో ఫ్లెమింగో గీయాలి. అలను ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా గీయాలి. ఎడమవైపు ఏ ఎత్తులో మొదలైందో, కుడివైపు అదే ఎత్తులో ముగియాలి.

3. లేయర్ మెనూలో ‘ట్రాన్స్‌ఫార్మ్’, అందులో ‘ఆఫ్‌సెట్’ తెరవాలి. ఎక్స్ దగ్గర 60, వై దగ్గర 0 ఇచ్చి ‘ర్యాప్ అరౌండ్’ ఎంచుకోవాలి. బొమ్మ సగం జరిగి, రెండు చివరలు మధ్యలోకి వచ్చి కలుస్తాయి. అతుకు తెగినట్టు కనిపిస్తే అక్కడే బ్రష్‌తో సరిచేయాలి. ఈ పాఠానికి ఇదే ప్రాణం.

4. మళ్లీ 60 జరిపితే ఫ్లెమింగో తన చోటికి వస్తుంది.

5. ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’తో పీఎన్‌జీ ఫైల్‌గా దాచుకోవాలి. జేపీజీలో పారదర్శకత నిలవదు.

6. ఫిల్టర్స్ మెనూలో ‘మ్యాప్’, అందులో ‘టైల్’ తెరవాలి. గొలుసు గుర్తును విడదీసి, వెడల్పు 1200, ఎత్తు 40 ఇస్తే పది ఫ్లెమింగోలు వరుస కడతాయి. ఇది పరీక్ష కోసమే. పేజీలో వాడేది చిన్న ఫైలే.

పేజీలో పెట్టేటప్పుడు

టైల్‌ను సీఎస్‌ఎస్‌లో బ్యాక్‌గ్రౌండ్ బొమ్మగా ఇచ్చి ‘రిపీట్-ఎక్స్’ అని రాస్తే అడ్డంగా అదే పరుచుకుంటుంది. దీనివల్ల ఇంకో మేలు ఉంది. చూపు లేనివారు పేజీని స్క్రీన్ రీడర్‌తో వింటారు. బ్యాక్‌గ్రౌండ్ అలంకారాన్ని అది చదవదు, కాబట్టి వారి చదువుకు అడ్డు ఉండదు. మామూలు బొమ్మగా పెడితే ‘ఆల్ట్’ను ఖాళీగా ఉంచాలి. ఒక పేజీలో రెండు మూడు పట్టీలు మించితే విషయం కంటే అలంకారమే ముందు కనిపిస్తుందని కూడా చెప్పండి.

దీనికి మార్కులు వస్తాయా?

పట్టీకి విడిగా మార్కులు ఉండకపోవచ్చు. కానీ నిష్పత్తి, భాగహారం, కొలతలు ఇందులో చేతికి పనిగా వస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ‘ఇది నేనే గీశాను’ అని టీచర్ ముందు ధైర్యంగా చెప్పగలగడం వస్తుంది. పని పూర్తయ్యాక మీరు మూడు ప్రశ్నలు అడగండి:

• అతుకు ఎక్కడ ఉందో నాకు చూపించగలవా?
• టైల్ వెడల్పు 90 అయితే ఫోన్‌లో ఎన్నిసార్లు వస్తుంది?
• ఇందులో ఎవరి బొమ్మనైనా తీసుకున్నావా? తీసుకుంటే అనుమతి ఉందా?

రెండో ప్రశ్నకు జవాబు 4. మూడో ప్రశ్నకు జవాబు మాత్రం పిల్లల నోటి నుంచే రావాలి.