మిల్ట్రీ తాత నంబరెంత?

ఊరికొక మిల్ట్రీ తాత ఉంటాడు. కాటారం చుట్టుపక్కల ఏ అరుగు మీద ముచ్చట పెట్టినా "మా ముత్తాత నిజాం పట్టాలంల సిపాయి" అని ఒకరంటే, "మా పెద్దతాత బర్మా దాకా పోయచ్చిండు" అని ఇంకొకరు అందుకుంటారు. వినడానికి బాగుంటుంది. సరే, ఏ రెజిమెంటు? సర్వీసు నంబరెంత? ఏ ఏడు చేరాడు, ఏ ఏడు తిరిగొచ్చాడు? ఈ నాలుగు అడిగేసరికి ముచ్చట ఆగిపోతుంది. తాత మీసాలు మాత్రం అందరికీ గుర్తుంటాయి.

పోలీసు కొలువు కోసమో, అగ్నివీర్ భర్తీ కోసమో తెల్లవారకముందే రోడ్డెక్కి పరుగు తీసే తమ్ముళ్లకు, పోటీ పరీక్షల పుస్తకాలతో కుస్తీ పడే చెల్లెళ్లకు ఇంకో కసరత్తు చెబుతాను. మీ ఇంటి సిపాయి జీవితాన్ని కాగితాల్లో వెతికి పట్టుకోండి. ఈ పనికి ఓపిక కావాలి. తెలియని మనిషి దగ్గరికి వెళ్లి అడగడానికి సిగ్గు పడకూడదు. దొరికిన జవాబు మనకు నచ్చకపోయినా ఉన్నదున్నట్టు రాసుకోగలగాలి. మొదటి రెండూ ఎవరైనా నేర్పుతారు. మూడోది ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పరు.

అమెరికాలో ఇదొక పెద్ద అలవాటు. 1775 నుంచి 1783 దాకా బ్రిటిష్ పాలన మీద జరిగిన స్వాతంత్ర్య యుద్ధంలో తమ పూర్వీకుడు పోరాడాడా లేదా అని తరతరాలుగా వెతుక్కుంటూనే ఉన్నారు. 1890లో పుట్టిన 'డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్' అనే మహిళా సంఘంలో చేరాలంటే, ఆ కాలపు మనిషికీ తనకూ మధ్య ఉన్న ఒక్కో తరానికీ ఆధారం చూపాలి. అమ్మమ్మ చెప్పిందంటే చెల్లదు. తమాషా ఏమిటంటే, ఆ యుద్ధం తాలూకు సైనిక దస్త్రాలు చాలావరకు మిగల్లేదు. 1800 నవంబరు 8న యుద్ధ శాఖ కార్యాలయం తగలబడి కాగితాలు బూడిదయ్యాయి. మరి ఇన్ని లక్షల కుటుంబాలు తమ సిపాయిని ఎలా పట్టుకున్నాయి?

పింఛను దయవల్ల. 1818లో బీద సైనికులకు, 1832లో ఆర్నెల్లకు తగ్గకుండా సేవ చేసిన వాళ్లందరికీ పింఛను ఇచ్చే చట్టాలు వచ్చాయి. కాగితాలు కాలిపోయాయి కాబట్టి, ముసలి సిపాయి స్థానిక కోర్టులో నిలబడి తన కథ తానే చెప్పుకోవాల్సి వచ్చింది. ఏ ఏడు, ఎక్కడ పుట్టావు? వయసుకు రుజువుందా? పట్టాలంలో చేరేనాటికి ఏ ఊళ్లో ఉన్నావు? నీ అంతట నువ్వే వెళ్లావా, పిలిపించారా, ఇంకొకరి బదులుగా వెళ్లావా? నీ మీద ఉన్న అధికారుల పేర్లేమిటి? విడుదల కాగితం ఇచ్చారా, ఇస్తే ఏమైంది? నీ గురించి సాక్ష్యం చెప్పగలిగే ఇరుగుపొరుగు ఎవరు? కోర్టు గుమస్తా ఇవన్నీ రాసుకున్నాడు. భర్త పోయిన ముసలమ్మలు పెళ్లి తేదీకీ పిల్లల పుట్టుకకూ రుజువుగా, ఇంట్లో బైబిలు మీద రాసుకున్న పేజీని చింపి మరీ జతచేశారు. రాజ్యం భద్రపరచలేని చరిత్రను పింఛను కోసం ముసలివాళ్లు చెప్పుకున్న మాటలు నిలబెట్టాయి. ఆ మాటల్లోనూ తప్పులున్నాయి. యాభై ఏళ్ల తర్వాత చెప్పేవాడు సంవత్సరాలు కలగలుపుతాడు, చూసిన యుద్ధాన్నీ విన్న యుద్ధాన్నీ ఒకటి చేస్తాడు. అందుకే ఒక సైనికుడి వాంగ్మూలాన్ని అదే దళంలో ఉన్న ఇంకొకరి వాంగ్మూలంతో పోల్చి చూస్తారు.

ఆ ప్రశ్నల్ని దొంగిలించండి. వచ్చే ఆదివారం నాయనమ్మ దగ్గర కూర్చుని ఒక్కొక్కటే అడగండి. "తాత ఎట్లుండె?" అని మొదలుపెడితే "మంచిగుండె" అని జవాబొస్తుంది, ముచ్చట అక్కడితో సరి. "తాత పట్టాలంల చేరేటప్పుడు నీకు పెళ్లయిందా? పైసలు ఎట్ల పంపేటోడు? ఎవరితోని ఉత్తరం రాపిచ్చేటోడు?" అని అడిగితే ఆమె నోటి నుంచి పేర్లు రాలతాయి. ఇంకొకటి, సిపాయి కాగితాలు మగవాళ్ల దగ్గర దొరకడం అరుదు. కుటుంబ పింఛను తీసుకున్న ఆడమనిషి వాటిని చీర మడతల్లో దాచి ఉంటుంది. ముందు ఆమె పెట్టె దగ్గరికి వెళ్లండి, అదీ ఆమె అనుమతితోనే.

పెట్టెలో పతకం దొరికితే బొమ్మ వైపు చూసి మురిసిపోకండి, అంచు చూడండి. మన సైన్యంలో ఇచ్చిన పతకాల అంచు మీద సైనికుడి నంబరు, పేరు చెక్కి ఉండటం మామూలు. డిశ్చార్జి పుస్తకం దొరికితే సగం పని అయినట్టే, నంబరు, రెజిమెంటు, చేరిన తేదీ అన్నీ అందులో ఉంటాయి. 1947 తర్వాత భారత సైన్యంలో చేసినవాళ్లయితే ఒక్కో విభాగానికి ఒక్కో రికార్డు ఆఫీసు ఉంది. మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, ఫిరంగి దళానిది నాసిక్ రోడ్‌లో, ఆయుధ సామగ్రి చూసే ఆర్డినెన్స్ కోర్‌ది మన సికింద్రాబాద్‌లోనే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. నంబరు లేకుండా పేరొక్కటే పట్టుకుని వెళ్తే మాత్రం తిప్పలే. ఒకే ఇంటిపేరుతో రాజయ్యలు ఎంతమంది ఉంటారో మీకు చెప్పక్కర్లేదు.

కాటారం వాళ్లకు ఇంకో చిక్కుంది. 2016 అక్టోబరు 11న భూపాలపల్లి జిల్లా వచ్చింది కానీ, అంతకుముందు ఈ ఊరు కరీంనగర్ జిల్లాలోది. తాత కాగితాల మీద భూపాలపల్లి కనపడదు. కరీంనగర్ ఉంటుంది, పాతకాలపువైతే మహదేవపూర్ తాలూకా ఉంటుంది. ఆ కాగితాలూ ఉర్దూలో ఉంటాయి, తేదీ ఫసలీలో ఉంటుంది. ఫసలీకి 590 కూడితే మన సంవత్సరం వస్తుందని అందరూ చెబుతారు. అంతటితో ఆగితే ఏడాది తప్పుతారు. నిజాం ఫసలీ ఏడు అక్టోబరు మొదటివారంలో మొదలయ్యేది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. హైదరాబాద్ మీద భారత సైన్యం పోలీసు చర్య జరిపిన 1948 సెప్టెంబరు కూడా 1357లోనే పడుతుంది. మీ తాత '1357లో ఇంటికొచ్చాడు' అని రాసి ఉంటే, నిజాం సైన్యం లొంగిపోకముందు వచ్చాడా, లొంగిపోయాక వచ్చాడా అన్నది నెల చూస్తే తప్ప తేలదు. ఆ ఒక్క నెల పేరు కోసం ఉర్దూ చదవగలిగిన పెద్దమనిషిని వెతుక్కోవాలి. వెతికితే ఊళ్లోనే దొరుకుతాడు, ఛాయ్ తాగిస్తూ సంతోషంగా చదివి పెడతాడు. వీలైతే అక్షరాలు మీరే నేర్చుకోండి. మన తాతల భూమి కాగితాలు చదవడానికైనా పనికొస్తుంది.

నిజాం పట్టాలం అనగానే ఒకే గుంపు అనుకోవద్దు. అందులో అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు, ఆఫ్రికా మూలాలున్న గుర్రపు దళం, అనేక రకాలు. హైదరాబాద్ లాన్సర్లు మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా వైపు వెళ్లారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర 1922 నుంచి నిలబడ్డ మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ అశ్వదళాలవే. రెండో యుద్ధంలో హైదరాబాద్ పదాతి దళం మలయాలోని కోటబారు విమానాశ్రయం కాపలాలో ఉంది. 1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం దిగింది సరిగ్గా ఆ తీరానికే, పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడటానికి గంటకు పైగా ముందు. మీ ఇంట్లో 'మలయా' అనే మాట తిరుగుతుంటే ఈ దారిలో వెతకండి. యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. సింగపూర్ క్రాంజిలోని స్మారకం గోడల మీదే 24 వేలకు పైగా పేర్లున్నాయి. బతికి తిరిగొచ్చినవాళ్లు అందులో ఉండరు. ఈ చిన్న సంగతి తెలియక పేరు దొరకలేదని ముచ్చటే అబద్ధమని తేల్చేసేవాళ్లుంటారు.

పోయినవాళ్ల పేర్లయినా అన్నీ ఉన్నాయా? లేవు. మొదటి యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా సైనికుల్లో కనీసం 1,16,000 మందికి పేరు చెక్కకుండానో, అసలు గుర్తే పెట్టకుండానో వదిలేశామని ఆ కమిషనే 2021లో ఒప్పుకుంది. అదే ఏడాది, లాహోర్ మ్యూజియంలో పడి ఉన్న రిజిస్టర్ల నుంచి పంజాబ్‌కు చెందిన దాదాపు 3,20,000 మంది సైనికుల వివరాలు బయటికొచ్చాయి. వందేళ్లు దుమ్ములో ఉన్నా తెరిస్తే దొరికాయి. దొరకలేదు అనే మాటకు ముందు "ఇప్పటిదాకా" అని చేర్చుకోవడం వెతికేవాడి మొదటి లక్షణం.

ఇక అసలు పరీక్షకొద్దాం. వెతికింది దొరికి, అది మనం కోరుకున్నట్టు లేకపోతే?

దీనికి మనకు దగ్గర్లోనే గొప్ప ఉదాహరణ ఉంది. జనగామ జిల్లా ఖిలాషాపూర్ కోట కట్టిన సర్వాయి పాపన్న. అమెరికాలో వలసలు ఇంకా బ్రిటిష్ పాలన కింద ఉన్న రోజుల్లో, ఇక్కడ ఒక గీత కార్మికుడి కొడుకు సొంత సైన్యం కూడగట్టి మొగలుల మీద తిరగబడ్డాడు. ఆయన్ను తమ పూర్వీకుడిగా తలుచుకునే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, ఏటా ఆగస్టు 18న జయంతి చేస్తారు. కానీ ఆయన జీవితం మనకు తెలిసిన దారి చూడండి. ఒకవైపు మొగల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పారసీలో రాసింది. అందులో పాపన్న దోపిడీదారు. సొంత అక్క నగలే దోచాడు, 1708 ఏప్రిల్ 1న మొహర్రం సమయం చూసి వరంగల్ మీద పడి కొల్లగొట్టాడు, ఆడవాళ్లనూ పిల్లల్నీ బందీలుగా పట్టుకుపోయాడు. మరోవైపు జనం నోట పాట. 1874లో బాయిల్ అనే ఇంగ్లిష్ అధికారి 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో దాన్ని అచ్చు వేయించాడు. అందులో పాపన్న మొనగాడు.

ఎవరిని నమ్మాలి? సులువైన పని ఒకటుంది: నచ్చినదాన్ని నమ్మి, రెండోదాన్ని శత్రువుల రాత అని తీసి పారేయడం. ఖాఫీ ఖాన్ కొలువు మనిషే, నిజమే. అయితే వెల్చేరు నారాయణరావు, జె.ఎఫ్. రిచర్డ్స్ కలిసి 1980లో రాసిన వ్యాసంలో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివారు. 2005లో రిచర్డ్ ఈటన్ దక్కన్ సామాజిక చరిత్ర మీద రాసిన పుస్తకంలో ఎనిమిది జీవితాలను ఎంచుకుంటే వాటిలో పాపన్నది ఒకటి. వాళ్లు చేసిన పని చూస్తే ముచ్చటేస్తుంది. పాటలో పాపన్న వెంట ఉన్న అనుచరుల పేర్లను పొగడ్తగా వదిలేయకుండా సాక్ష్యంగా చదివారు. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల, తురక, ఎరుకల, యానాది. ఒక్క కులం గుంపు కాదు, ఒక్క మతం గుంపు అంతకన్నా కాదు. ఆ సంగతి పారసీ రాతలో దొరకదు. పాటలో దొరకనిది పారసీ రాతలో ఉంది: 1709 జనవరిలో మొగల్ చక్రవర్తి బహదూర్ షా హైదరాబాద్‌లో ఉన్నప్పుడు పాపన్న దర్బారుకు వెళ్లి 14 లక్షల రూపాయలు సమర్పించి గౌరవ వస్త్రం అందుకున్నాడు. తిరుగుబాటుదారు, అదే చక్రవర్తి నుంచి ఖిల్లత్తు! ఫిర్యాదులు పోటెత్తడంతో ఆ మర్యాద ఎన్నాళ్లో నిలవలేదు. మొగల్ సైన్యం ముట్టడి వేస్తే తప్పించుకుని మారువేషంలో తిరుగుతుంటే ఒక కల్లు గీసే మనిషే గుర్తుపట్టి పట్టించాడు. 1710లో చంపేశారు.

పాపన్నను ప్రేమించే మనిషి దర్బారు సంగతి, బందీల సంగతి దాచాలా? నా అభిప్రాయం అడిగితే, దాచితే ఆయన్ను గోడమీద బొమ్మ చేసినట్టే. కోట కట్టినవాడు, కొల్లగొట్టినవాడు, బేరమాడినవాడు, అన్ని కులాల వాళ్లనూ వెంట నడిపించినవాడు, ఇవన్నీ ఒక్కడే. అంత బరువు మోయగలిగితేనే ఆయన వారసత్వం గురించి మాట్లాడొచ్చు.

మీ ఇంటి సిపాయికీ ఇదే లెక్క. తాత బర్మా పోలేదు, సికింద్రాబాద్ గోదాములో గుమస్తాగా ఉన్నాడని తేలొచ్చు. సెలవు మీద ఇంటికొచ్చి తిరిగి వెళ్లలేదని తేలొచ్చు. నిజాం పట్టాలంలో ఉన్న తాత, రజాకార్ల రోజుల్లో ఏ వైపు నిలబడ్డాడో తెలిస్తే గొంతులో వెలక్కాయ పడొచ్చు. ఆ రోజుల్లో నిజాంకు ఎదురుతిరిగి సరిహద్దు దాటి శిబిరాల్లో ఉన్నవాళ్ల, జైలుకెళ్లినవాళ్ల స్వాతంత్ర్య సమరయోధుల పింఛను దరఖాస్తుల్లో సాక్ష్యం చెప్పినవాళ్ల పేర్లుంటాయి. మీ తాత పేరు అక్కడ ఉంటుందనుకుని వెళ్లి పక్కింటి తాత పేరు చూసి రావొచ్చు. చూసినదే రాసుకోండి.

రాసుకోవడానికి ఒకే నియమం. నోటుబుక్కులో ఎడమ పేజీ విన్నదానికి, కుడి పేజీ చూసినదానికి. విన్నదాని పక్కన ఎవరు చెప్పారో, చూసినదాని పక్కన ఏ ఆఫీసు, ఏ కాగితం, ఏ తేదీనో. ఎడమ నుంచి కుడికి మారడానికి కాగితం కావాలి, మన కోరిక చాలదు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ కార్యాలయంలో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ కాగితాలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో సైనికుల 'అర్జ్-ఒ-చెహ్రా' చీటీలు చూడదగ్గవి. సిపాయి పేరు, తండ్రి పేరు, ముఖం రంగు, మచ్చలు, గాయాల గుర్తులు రాసి పెట్టేవాళ్లు, ఒకరి బదులు ఇంకొకరు వచ్చి జీతం తీసుకోకుండా. మూడున్నర వందల ఏళ్ల కిందటి గుమస్తాకు ఉన్న జాగ్రత్త మన నోటుబుక్కుకు ఉంటే చాలు.

కాగితం దొరికాక, అందులో ఏమున్నా సరే, ఫొటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో వెంటనే పెట్టకండి. ముందు ఇంటికెళ్లి నాయనమ్మకు చదివి వినిపించండి. ఆమెకు అదంతా ఎప్పుడో తెలిసే ఉండొచ్చు, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదంతే.