రోబోలొచ్చాక మెకానికల్ ఎందుకంటారా?

పరీక్షా ఫలితాలు వచ్చాయంటే చాలు, నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులది ఒకటే పాట. "ఫ్యాక్టరీల్లో అంతా రోబోలే చేసేస్తాయట కదండీ, ఇక మెకానికల్, ఎలక్ట్రికల్ చదివి ఏం లాభం? ఏఐ బ్రాంచిలో సీటొస్తే చాలు." కన్వీనర్ కోటాలో రాకపోతే పొలం అమ్మైనా మేనేజ్‌మెంట్ కోటాలో కొనడానికి సిద్ధం. పక్కనున్న పిల్లాడు నోరు విప్పడు. గుచ్చి గుచ్చి అడిగితే, మోటార్లు విప్పి బిగించడం ఇష్టమంటాడు. ఆ మాట వినే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు.

పరిశ్రమ ఎటు పోతోందో చూడండి. యంత్రాలన్నిటినీ నెట్‌తో కలిపే 'ఇండస్ట్రీ 4.0' నినాదం 2011లో జర్మనీలో పుట్టింది. పదేళ్లు తిరిగేసరికి, 2021లో, యూరోపియన్ కమిషన్ 'ఇండస్ట్రీ 5.0' అంది. యంత్రమే కార్మికుడికి అనువుగా ఉండాలి, కరెంటు, నీళ్లు, ముడిసరుకు వృథా కాకూడదు, ఆపదొస్తే తట్టుకోవాలి అన్నది దాని సారం. ఇవి కోడింగ్ ఒక్కటే వచ్చినవాళ్లతో తెమిలే పనులు కావు.

మన విశాఖ సంగతే తీసుకోండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరిన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీద కమ్ముకుని 12 మంది చనిపోయారు. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగునే ఉంది, మధ్యలో లేదు, పైన లేదు. లాక్‌డౌన్‌లో నిల్వ ఉండిపోయిన స్టైరిన్ పైపొర వేడెక్కుతున్న సంగతి కింది అంకె చెప్పలేదు. సైరనూ మోగలేదు. ఎక్కడ కొలవాలో తెలిసిన మనిషి లేనిచోట ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెడితే మాత్రం ఏం లాభం?

యంత్రం మీద మక్కువున్న పిల్లలకు నా ఓటు డిప్లొమాకే. పదో తరగతి తర్వాత పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్‌లో చేరితే, డిప్లొమా అయ్యాక ఈసెట్ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. పదో తరగతితోనే చేరగలిగే మరో దారి, హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో నాలుగేళ్ల టూల్, డై, మౌల్డ్ మేకింగ్ డిప్లొమా ఉంది. ఇంజినీరింగ్ అయ్యాక కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ నిర్వహించే ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ పరీక్షలున్నాయి, ఆడిటర్‌కు అనుభవం కూడా కావాలి. బాయిలర్ పొగగొట్టంలోంచి ఎంత వేడి పోతోంది, కంప్రెసర్ లైన్లో గాలి ఎక్కడ లీకవుతోంది అని పట్టుకునే పని అది. బట్టలు మాసిపోతాయి. అదే చాలామంది అమ్మానాన్నలకు నామోషీ.

ఇక 'వంద శాతం ప్లేస్‌మెంట్' ఫ్లెక్సీల సంగతి. రోబోటిక్స్ కోర్సంటూ వేలకు వేలు గుంజి, స్క్రీన్ మీద బొమ్మ చూపి పంపేవాళ్లున్నారు. ఫీజు కట్టకముందే ల్యాబ్‌లోకి వెళ్లండి. యంత్రాన్ని నడిపే కంట్రోలర్ (పీఎల్‌సీ)కి మీ చేత్తో వైరింగ్ చేయనిస్తారా, రోబో చెయ్యిని కదపనిస్తారా అని అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. కొన్ని వారాల్లో సేఫ్టీ ఆఫీసర్‌ని చేస్తామనేవాళ్లనైతే అసలు నమ్మొద్దు. ఆ ఉద్యోగానికి ఫ్యాక్టరీల శాఖ నిబంధనలు ఒప్పుకునే డిప్లొమానే చెల్లుతుంది. అప్పు చేసి సర్టిఫికెట్ కొన్నాక తెలిస్తే ఆ డబ్బు ఎవరూ తిరిగివ్వరు.

అమ్మానాన్నలూ, వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు కాస్త పక్కకు జరగండి. మౌస్ పిల్లల చేతికివ్వండి.